చేతొడుగు లేని పిడికిలి

చీకటి పడ్డాక ఆళ్లగడ్డ శివారులోని కాగితం తయారుచేసే షెడ్డులో జీవమ్మ ఒక్కతే ఉంది. సుబాబుల్ కట్టె ముక్కలు కాస్టిక్ సోడాలో ఉడుకుతున్న డ్రమ్ము కింద మంట తగ్గించడం మరిచిపోయింది. కట్టెలోని జిగురు కరిగిపోవాలి, నార మాత్రం మిగలాలి. ఎక్కువ ఉడికితే నార కూడా చచ్చిపోతుంది.

గాబరాగా మంట ఆర్పి, మూత తీసి పక్కన పెట్టింది. రబ్బరు చేతొడుగుతో పిడికెడు గుజ్జు తీసి పిండింది. చెయ్యి తెరవగానే అది పొడిపొడిగా రాలిపోయింది. వాయి మొత్తం పాడైనట్టే.

అప్పుడు డ్రమ్ము పక్కనున్న గట్టు మీద పిండిన గుజ్జు ముద్ద ఇంకోటి కనిపించింది. చెదరలేదు. ఇంకా ఆవిరి కక్కుతోంది.

తనతో పనిచేసే జహీర్‌కు ఫోన్ చేసింది.

"అన్నా, గుజ్జు పిండి గట్టు మీద పెట్టినావా?"

"నేను మధ్యాన్నం నుంచీ నంద్యాల్లోనే ఉండా కదమ్మా. ఏందీ, ఏమైంది?"

ఆమె ముద్దను లైటు కిందికి తెచ్చింది. దాని మీద అరచేతి గీతలు అచ్చుపడి ఉన్నాయి. చేతొడుగు లేని చెయ్యి. ఆ సోడాలో ఒట్టి చెయ్యి పెడితే తోలు ఊడొస్తుంది.

ముద్దను గబుక్కున గట్టు మీద పెట్టేసింది.

ఆమె వెనక్కి తిరిగింది. తను తెరిచి వదిలిన డ్రమ్ముకు మూత పెట్టి ఉంది. లోపల ఎవరో తడి గుజ్జును మెల్లగా పిండుతున్న చప్పుడు.