పద్నాలుగు రోజుల మలావీ

“స్పూన్ లేదా ఇక్కడ?”

వీర్రాజు గుమ్మంలోంచే అరిచాడు.

కెనడాలో, రెజైనా ఊళ్లోని ఆ కేర్‌హోమ్‌కి ఆయన ఆదివారం సాయంత్రాలే వస్తాడు. ఆ రోజు ఎందుకో మధ్యాహ్నమే వచ్చాడు.

మంచం మీద ఆయన భార్య భ్రమరాంబ. పక్షవాతం వచ్చాక తిండి మానేసిన మనిషి. పక్కన ఓ ఆఫ్రికన్ స్త్రీ చేత్తో పెరుగన్నం కలిపి, ముద్దలు చేసి ఆమెకు తినిపిస్తోంది.

ఆయన్ని చూసి లేచి, చెయ్యి తుడుచుకుంది. మోకాళ్లు వంచి, ఎడమచేత్తో కుడి మోచేయి పట్టుకుని చెయ్యి చాపింది.

“నా పేరు తియామికే. బాగున్నారా సార్? బాగా నిద్రపట్టిందా? ఇంట్లో అందరూ కులాసాయేనా?”

వీర్రాజు చెయ్యి కలపలేదు. నవ్వాడు.

“మలావీ కదూ?”

“అవును! ఎలా తెలిసింది?”

తెలియకేం! ఆ దేశంలో పద్నాలుగు రోజులు తిరిగొచ్చి, తెలుగు సంఘం పత్రికలో పదహారు వారాలు రాసిన మేధావి.

“మీవాళ్లంతా ఇంతే. వంగుతారు, నవ్వుతారు, కుశలం అడుగుతారు. ఆఖర్న అసలు సంగతి బయటపెడతారు. చెప్పు, నీకేం కావాలి?”

ఆమె ముఖం చిన్నబోయింది.

“నాకేమీ వద్దు సార్. ఈవిడకి మాత్రం స్పూన్ వద్దు. చూస్తేనే నోరు మూసేస్తారు. నెల్రోజులుగా ఈ ఒక్కపూటే, అదీ ఇలా పెడితేనే తింటున్నారు.”

“నలభై రెండేళ్లు కాపురం చేసినవాణ్ని. నువ్వా నాకు చెప్పేది?”

ఆ నలభై రెండేళ్లలో ఆయన భార్యకు ఒక్కసారీ అన్నం వడ్డించలేదు.

సాయంత్రానికల్లా ఫిర్యాదు పంపాడు. శుభ్రత లేదు, చేత్తో కుక్కుతోంది, ఆ మనిషిని లోపలికి రానివ్వొద్దు అని.

మర్నాటి నుంచి గ్లవ్స్ వేసుకున్న చేతులు, గిన్నెలో స్పూన్. భ్రమరాంబ నోరు తెరవలేదు.

ఆరో రోజు డాక్టర్ కబురు చేశాడు. ఇంక గొట్టం వేసినా శరీరం తట్టుకోదన్నాడు.

వీర్రాజు వచ్చి గిన్నె అందుకున్నాడు. చేత్తో కలుపుదామనే అనుకున్నాడు. నర్సు చూస్తోందని స్పూనే తీశాడు.

పదో రోజు ఆమె పోయింది.

సామాను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు, భార్య శాలువా ఒకటి రిసెప్షన్‌లో ఉన్న ధరణి ముందు పెట్టాడు.

“ఇది ఆ మలావీ ఆవిడకి ఇయ్యమ్మా. పాపం, ఏదో ఆశపడే చేసుంటుంది. మళ్లీ డ్యూటీకి ఎప్పుడొస్తుంది?”

ధరణి శాలువా ముట్టుకోలేదు.

“మీ కంప్లైంట్ వచ్చాక లోపలికి పంపలేదంకుల్. అయినా రోజూ ఈ డెస్క్ దాకా వచ్చి, ‘ఇవాళ తిన్నారా’ అనడిగి వెళ్లేది.”

“పనిలోంచి తీసేశాక కూడానా?”

“ఆవిడ ఇక్కడ పని చెయ్యదంకుల్. పక్క గదిలో ఉండే వాళ్లమ్మ పోయి నెల దాటింది, అప్పట్నుంచీ రెండు బస్సులు మారి ఆంటీకి అన్నం పెట్టడానికే వచ్చేది.”