గేటు దగ్గర చక్రధర్

“ఆ చక్రధర్‌గాడు ఇంతకు తెగించిండంటే తప్పు వానిది కాదు, మీది,” అంది రమ, చెప్పులు కూడా విడవకుండా. “దినాం ఇంట్ల కూసోబెట్టుకొని, కండ్లు తుడుసుకుంట సూసి, నెత్తికెక్కిచ్చుకున్నది మీరే.”

సత్తవ్వకు ఒళ్ళు మండింది. కోరుట్ల నుంచి సిరిసిల్లకు, కన్నతల్లి ఇంటికి వచ్చి, మంచినీళ్ళైనా తాగకముందే ఏడున్నర సీరియల్ హీరోను తిట్టడమా? బీడీ కార్ఖానాల ముందు ధర్నాలు చేసీ చేసీ ఈ పిల్లకు నోరు పెరిగింది. పైగా వాడ మూల మీద ఆటోను పంపించకుండా ఆపి వచ్చింది. ఉండే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

చక్రధర్ చేసింది తప్పే. కట్టుకున్నదాన్ని, కన్నబిడ్డను వదిలేసి ఇంకొకతెతో వెళ్ళిపోయాడు. ఆమె వీణ్ణి నట్టేట ముంచింది. ఇప్పుడు బ్యాగు పట్టుకొని సొంత ఇంటి గేటు దగ్గర వానలో నిలబడ్డాడు. నెల దాటింది. సీరియల్‌లో గేటూ తెరుచుకోలేదు, వానా ఆగలేదు. సత్తవ్వ ఇంట్లో టీవీ ముందు చాటలు ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టే ఆడవాళ్ళకు ఒకటే దిగులు, పిల్లగానికి జ్వరమొస్తదని.

“పంచాయతి పెడుదాం,” అంది రమ. “వాన్ని ఇంట్లకు రానియ్యొద్దని తేలితే గోడ మీది టీవీ దించాలె. మల్ల ఈ ఇంట్ల సీరియల్ నడువొద్దు. నేను ఓడితే నోరు మూసుకుంట.”

టీవీ పోతే సత్తవ్వకు పొద్దు పోయేదెట్లా? కానీ రమ నోరు మూసుకోవడమనే మాట చెవిన పడేసరికి ఆశ పుట్టింది.

“పెట్టు,” అంది.

ఆదివారం కాబట్టి సాంచెలు బంద్. మగ్గాల చప్పుడు లేక చెవులు దురదపెడుతున్న మగవాళ్ళూ వచ్చి వాకిట్లో కూర్చున్నారు. కులపెద్ద సాంబయ్య కుర్చీ ఎక్కాడు. ముద్దాయి హాజరు కానిదే తీర్పు చెప్పనన్నాడు.

సత్తవ్వ కొడుకు రమేశ్ తన బిడ్డకు జడలు వేస్తున్నాడు. కొన్ని నెలలుగా ఆ పని అతనిదే. ఒకటి చెవి మీదికి, ఇంకొకటి మెడ కిందికి వచ్చాయి. దువ్వెన పక్కన పెట్టి లేచాడు. శనివారం సీరియల్ మళ్ళీ పెట్టి, చక్రధర్ ముఖం దగ్గర ఆపాడు.

సాంబయ్య గొంతు సవరించుకున్నాడు. “చక్రధర్, నువ్వు చెప్పుకునేది ఏమన్న ఉన్నదా?”

అందరూ టీవీ వైపు చూశారు. చక్రధర్ ముక్కు చివర చినుకు అట్లాగే వేలాడుతోంది.

“సప్పుడు చేస్తలేడు. తప్పు ఒప్పుకున్నట్టే,” అన్నాడు సాంబయ్య. “మర్యాద తెలిసినోడే.”

“ఇల్లు ఇడిసి ఇంకొకలతోని పోయినోన్ని ఎట్ల రానిస్తరు పెద్దబాపూ?” అంది రమ.

సాంబయ్య ఒకసారి రమేశ్ వైపు చూసి, చూపు మళ్ళీ టీవీ మీదికి తిప్పుకున్నాడు.

“వాడు మోసపోయిండు బిడ్డా,” అంది సత్తవ్వ. “మోసపోయినోన్ని మనం సుత తంతమా?”

“ఒక్కనాడన్న ఫోన్ చేసిండా? బిడ్డ ఎట్లున్నదని అడిగిండా?”

రమేశ్ అందుకున్నాడు. “ఏ మొకం పెట్టుకొని చేస్తడక్కా? చేద్దామని నంబరు తీసి, మల్ల పెట్టేసి ఉంటడు.”

ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. పక్కింటి లస్మవ్వ లేచి తువ్వాలతో చక్రధర్ తల తుడిచింది. తడి పోలేదు.

“నెల దినాలు సాంచెల మీద నిలబెట్టుండ్రి, బుద్ధి వస్తది,” అన్నాడు ఎదురింటి జీవన్.

“రానీయుండ్రి గని కాల్లు కడుక్కొని రావాలె,” అంది లస్మవ్వ. “నెల సంది బురదల ఉన్నడు.”

రమ రెచ్చిపోయింది. “మొగోడని ఇడిసిపెడుతున్నరు మీరు.”

సత్తవ్వకు సందు దొరికింది. “మొగోడు, ఆడిది అని కాదే. మనిషన్నంక తప్పు చేస్తరు. తప్పయిందని గేటు కాడికి వచ్చినంక, తలుపు తియ్యనోళ్ళదే పాపం.”

వాకిలంతా చప్పట్లు. ఇంత మాట తన నోట ఎట్లా వచ్చిందో సత్తవ్వకే అర్థం కాలేదు.

మూల మీద ఆటో హారన్ మోగింది. “ఉండు, ఒడిసింది,” అని రమ గడపలోంచి చెయ్యి ఊపింది.

సాంబయ్య తీర్పు చెప్పాడు. “మనిషి తప్పు చేసి, తెలుసుకొని మర్లి వస్తే ఇంటోళ్ళు లోపలికి తోల్కపోవాలె. ఎనుకటిది తవ్వొద్దు. ఎత్తిపొడువొద్దు. ఉడుకునీళ్ళు పోసి, అన్నం పెట్టాలె.”

“ఎవ్వలైనా?” అడిగింది రమ.

“ఎవ్వలైనా.”

“మా అవ్వ రేపు మాట తప్పితే?”

సత్తవ్వకు పౌరుషం వచ్చింది. వంకర జడల మనవరాలిని దగ్గరికి లాక్కొని, తల మీద చెయ్యి పెట్టింది. “నా అనూష మీద ఒట్టు. సాలునా?”

“నాకు సుత ఇష్టమే,” అన్నాడు రమేశ్, టీవీ వైపు చూస్తూ.

సత్తవ్వ గెలిచింది. టీవీ గోడ మీదే ఉంటుంది. లస్మవ్వ అందరికీ చాయ్ పోసింది. ముద్దాయి ముందు కూడా ఓ గ్లాసు పెట్టింది.

“ఏమే, ఇగ మూస్తవా నోరు?” అంది సత్తవ్వ నవ్వుతూ.

“మూస్త అవ్వా, ఒక్క మాట చెప్పి మూస్త,” అంది రమ. చాయ్ గ్లాసు కింద పెట్టి తమ్ముడి వైపు తిరిగింది.

“లే రమేశ్, ఆటోల కూసున్న నీ పెండ్లాం బ్యాగు దించు.”