తులూజ్ నాలుక

"నాలుకగారొచ్చారు" అంది సొలాంజ్, తలుపు సగమే తీసి, లోపలున్న మొగుడికి వినబడేలా.

తులూజ్ పట్నం నుంచి పొగమంచులో దారి తడుముకుంటూ కారు నడుపుకొచ్చిన తేసియే గుమ్మం బయటే ఆగిపోయాడు. వైన్ రుచి చూసి కొనడం ఆయన వృత్తి. ఆయన తల ఊపితే తులూజ్ హోటళ్లన్నీ కొంటాయి, పెదవి విరిస్తే ఆ గడప ఇంకెవడూ తొక్కడు. రెండేళ్ల కిందట, ఇలాంటి జనవరిలోనే, ఈ ఇంటి నేలమాళిగలో పీపాలోంచి తీసిచ్చిన కొత్త వైన్ ఒక్క గుక్క నోట్లో పోసుకుని, అటూ ఇటూ తిప్పి, నేలమీద ఉమ్మేసి పెదవి విరిచిన మనిషి ఆయనే.

"క్షమాపణ చెప్పుకుందామని వచ్చానమ్మా" అన్నాడు టోపీ తీసి.

"చెప్పి, అదీ ఉమ్మేసి పోతారా?"

"రానీవే. చలి ఇంట్లోకొస్తోంది" అన్నాడు అనిసే లోపల్నుంచి.

అనిసే పొయ్యి ముందు కూచుని వెల్లుల్లి సూప్ తాగుతున్నాడు. తేసియేకి కుర్చీ చూపించి, గోడవారనున్న కుప్పలోంచి మెలితిరిగిన మొద్దు ఒకటి తీసి మంటలో వేశాడు. ద్రాక్ష మొద్దు. చచ్చిన మొక్కల్ని పీకి, ఎండేసి, చలికాలంలో కాల్చుకోవడం ఊరి పక్కనున్న ఏటి ఒడ్డున ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. తేసియే కొయ్యబారిన చేతులు సెగకి చాపి, వచ్చిన పని చెప్పుకొచ్చాడు.

పోయిన నెల కాఓర్ పట్నంలో ఒక డాక్టరు ఇంట్లో భోజనం. పేరు కనబడకుండా సీసాకి తువ్వాలు చుట్టి, ఇదెవరిదో చెప్పమని పందెం వేశాడట డాక్టరు. తేసియే తాగాడు. ఉమ్మబుద్ధి కాలేదు. చేసినవాడెవడో చెప్తే వాడింటికి నడిచైనా వెళ్తానన్నాడు. డాక్టరు నవ్వుతూ తువ్వాలు విప్పేసరికి సీసా మీద అనిసే పేరు. రెండేళ్ల కిందట తను నేలపాలు చేసిన వైనే అది.

"నాకు ఊపిరితిత్తులకి జబ్బు చేసినప్పుడు చూసిన డాక్టరాయన. రెండు సీసాలిచ్చి పంపాం" అంది సొలాంజ్.

ఆ జనవరిలో నేలమాళిగ గడ్డకట్టిపోయి ఉంది. అంత చలిలో కొత్త వైన్ పని ఆపేసి ముడుచుకుంటుంది. పులుపు తగ్గి, నునుపు తేలాలంటే ఎండాకాలం దాకా ఆగాలి. ఆ సంగతి తేసియేకి తెలీనిది కాదు. ఆ రోజు ఇంకా నాలుగిళ్లకి వెళ్లాలన్న తొందరలో మర్చిపోయాడు, అంతే.

"నిద్దరోతున్న బిడ్డని చూసి మూగదని చెప్పేశాను" అన్నాడు.

"చెప్పి ఊరుకోలేదు. ఊరంతా చాటారు" అంది సొలాంజ్.

ఆయన పోయాక ఈ గుమ్మంలోకి కొనేవాడెవడూ రాలేదు. పీపాలన్నీ సారా బట్టీకి పోయాయి. ఒక్కదాన్ని మాత్రం, ఎవరెంత చెప్పినా, అనిసే కదలనివ్వలేదు. సీసాల్లోకి ఎక్కింది ఆ ఒక్కటే.

అనిసే లేచి అందులోంచే ఒక సీసా తీసి గ్లాసులో పోశాడు. తేసియే ఈసారి తొందరపడలేదు. గ్లాసుని పొయ్యిగట్టు మీద, సెగ తగిలేచోట పెట్టి కూచున్నాడు. కాసేపటికి వైన్ నోరు విప్పింది. మగ్గిన రేగుపళ్ల వాసన, వెనకాలే తొలకరికి తడిసిన మట్టి వాసన. ఆయన మింగి, కళ్లు తుడుచుకున్నాడు. పొగ వల్లనన్నాడు.

అనిసే తన సూప్ అడుగు మిగిలిన గిన్నెలో ఇంత వైన్ పోసుకుని, గిరగిరా తిప్పి, రెండు చేతుల్తో ఎత్తి తాగేశాడు. తేసియే ప్రాణం ఉసూరుమంది.

"ఇంత మంచిదాన్ని సూప్ లోనా అనిసేగారూ?"

"కొండవాలున మా నాన్న వేసిన తోటలోది అది. ఆయనా ఇలాగే తాగేవాడు."

అప్పుడు బయటపెట్టాడు తేసియే తన మనసులో మాట. ఈ ఏటి నుంచి ఆ కొండవాలు తోటలో పండిందంతా తనే తీసుకుంటాడు. పంట తగ్గినా, వాన చెడగొట్టినా సరే. తను బతికున్నంతకాలం ఇంకో గుమ్మం చూడక్కర్లేదు. ఏ నోటితో పాడుచేశాడో ఆ నోటితోనే ఊరూరా చెప్తాడు.

సొలాంజ్ అటు తిరిగి, కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతోంది. ఇంకా కోపం చల్లారలేదనుకున్నాడు తేసియే.

"దారిపొడవునా తోటల్లో జనం వంగి ద్రాక్ష కొమ్మలు కత్తిరిస్తూ కనబడ్డారు. మీరింకా మొదలెట్టలేదా?" అన్నాడు మాట మార్చి.

"ఈ ఏడు మాకా పని లేదు" అన్నాడు అనిసే.

"అప్పుడే ముగించేశారన్నమాట" అని సంబరపడ్డాడు తేసియే. టోపీ అందుకుని లేచాడు. "పదండి, ఒక్కసారి ఆ తోటకి తీసుకెళ్లండి. ఆ మొక్కల ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటే గానీ నాకు నిద్ర పట్టదు."

అనిసే కుర్చీలోంచి లేవలేదు. కుప్పలోంచి ఇంకో మొద్దు తీసుకున్నాడు. చేతిమణికట్టంత లావు, నిండా వయసు ముడతలు. దాని మీది మట్టి బొటనవేలితో మెల్లగా తుడిచి, నిప్పుల మీద పడుకోబెట్టాడు.

"ఈ మంచులో అంతదూరం ఎందుకులెండి" అన్నాడు. "ఇందాకట్నుంచీ మీరు చేతులు కాచుకుంటున్నది ఆ తోట దగ్గరే."