నత్తనడక ల్యాప్‌టాప్

"ఒక్క స్క్రూనే. గంతే!" అంటూ భానుప్రకాశ్ ల్యాప్‌టాప్‌ను బోర్లా తిప్పాడు.

తార్నాకలో ఓ మేడమెట్ల కింద ఉంది అతని కంప్యూటర్ రిపేరు షాపు. బల్లకు ఇటువైపు చైతన్య, వాళ్లమ్మ లలిత నిలబడి ఉన్నారు. యూనివర్సిటీ క్వార్టర్స్ నుంచి స్కూటర్ మీద ఆ ల్యాప్‌టాప్‌ను ఆమే ఒళ్లో పెట్టుకుని, పసిబిడ్డను తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చింది.

"ఈ స్క్రూడ్రైవరు మా కుట్టుమిషన్‌ది మాదిరే ఉందే," అంది లలిత.

భానుప్రకాశ్ నవ్వాడు. అడుగున ఉన్న చిన్న మూత ఊడదీసి, వేలెడంత పచ్చ చిప్‌ను లోపలి గాడిలో దూర్చి నొక్కాడు. టక్కుమంది.

"ఇండ్ల మెమరీ తక్కువున్నది తమ్మీ. విండోస్ తొంభై అయిదు ఏసినంక పాపం దీనికి ఊపిరాడ్తలేదు. గిప్పుడు సూడు, ఎట్ల ఉర్కుతదో."

"ఊడిపోదు కదా నాయనా?" అడిగింది లలిత.

"ఊడదమ్మా. రెండు దిక్కుల క్లిప్పులు జరిపితే తప్ప రాదు."

చైతన్య అప్పుడే స్కూటర్ తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. అతని తొందర అతనిది. తండ్రి గంగాధర్ యూనివర్సిటీలో చరిత్ర ప్రొఫెసర్. అనంతపురం చెరువుల మీద ఆయన ఏళ్ల తరబడి చేసిన పనంతా ఆ ల్యాప్‌టాప్‌లో పుస్తకమవుతోంది. గుండె బాగా బలహీనపడి ఆయన మంచం పట్టాడు. ఈ వేసవి దాటడం కష్టమని డాక్టరు తల్లీకొడుకులిద్దరికీ చెప్పేశాడు. ఇప్పుడు ఆయన చెబుతుంటే చైతన్య టైపు చేస్తున్నాడు. ఒక్కో చెరువు పటం తెరిస్తే చాలు, తెర మీద ఇసుక గడియారం బొమ్మ నిలబడిపోయేది. అది కదిలేలోపు తండ్రి అలసిపోయి కళ్లు మూసుకునేవాడు. పుస్తకం పూర్తవకుండానే ఆయన పోతాడేమోనని చైతన్యకు దిగులు.

చిప్ వేశాక పని నిజంగానే పరుగందుకుంది.

"దీనికి రెక్కలొచ్చినాయిరా!" అన్నాడు గంగాధర్, దిండుకు ఆనుకుని. "ఏమే లలితా, విన్నావా? ఇంక రెండే అధ్యాయాలు."

కిటికీ దగ్గర లలిత దిండు గలీబులు కుడుతోంది.

"పుస్తకం అయ్యేదాకా కదిలేది లేదని మొండికేసి కూర్చున్నా. పొద్దున కళ్లు తెరుస్తూనే, ఇంకా పని మిగిలుంది కదా అనుకుంటా. ఆ మాట మీదే ఈ ప్రాణం నిలబడింది. అది కాస్తా అయిపోతే నిశ్చింతగా పోతా," అన్నాడు గంగాధర్.

కుట్టుమిషన్ ఆగిపోయింది.

"ఊరికే అట్ల మాట్లాడొద్దండీ," అంది లలిత.

మర్నాటి నుంచి ల్యాప్‌టాప్ మళ్లీ మొదటికొచ్చింది. ఎండకు వేడెక్కిందేమో అనుకున్నాడు చైతన్య. షాపుకు తీసుకుపోదామంటే ఎం.కాం. పరీక్షలు మీద పడ్డాయి. రోజుకు ఒక పేజీ, ఒక్కోరోజు అదీ లేదు. మామిడిపండ్లు వచ్చాయి, పోయాయి. ఆర్ట్స్ కాలేజీ రోడ్డు మీద తొలకరి చినుకులు పడ్డాయి. గంగాధర్ కిటికీలోంచి వాన చూస్తూ, అన్నంలోకి పులుసు అడిగి మరీ పోయించుకున్నాడు.

"పులుసులో మెంతులు వేయడం మానేసినావా ఏమి?"

"మరిచిపోయినా," అంది లలిత.

డాక్టరు స్టెతస్కోపు తీసి మెడలో వేసుకున్నాడు. "ఆశ్చర్యంగా ఉందమ్మా," అన్నాడు.

పరీక్షలవగానే చైతన్య ల్యాప్‌టాప్‌తో షాపుకు పరుగెత్తాడు. భానుప్రకాశ్ మూత తీసి, లోపలికి చూసి తెల్లబోయాడు.

"ఇండ్ల చిప్ లేదు తమ్మీ!"

"లేకపోవడమేంది? నువ్వేగా పెట్టింది! మేం అటు తిరగ్గానే తీసేసుకున్నావా?"

"గట్లనకు తమ్మీ. నేను పెడ్తుంటే అమ్మ గూడ సూసింది." అతని ముఖం చిన్నబోయింది. ఇక వాదించకుండా ఇంకో చిప్ తెచ్చి, చైతన్య కళ్ల ముందే బిగించాడు. "సారు పుస్తకం ఆగొద్దు. తీస్కపో."

ఇంటికొచ్చినా చైతన్య కోపం చల్లారలేదు. "వాడు దొంగమ్మా!"

"ఆ పిల్లోని మీద నింద వేయొద్దురా, పాపం తగులుతుంది," అంది లలిత. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇప్పుడే పోయి, తప్పయిందన్నా అని చెప్పిరా. పో."

నాన్న గురించిన బాధ అమ్మకు ఇట్లా బయటపడుతోంది అనుకున్నాడు చైతన్య. అయినా ఆ సాయంత్రం వరకు కదల్లేదు. చెరువుల పటాలు చకచకా తెరుచుకుంటున్నాయి మరి. చీకటి పడేముందు గంగాధర్ చేయి ఎత్తి చాలన్నాడు.

"ఇంక నాలుగు పేజీలు. రేపటితో సరి." ప్రయాణానికి అన్నీ సర్దుకున్న మనిషిలా నవ్వి కళ్లు మూసుకున్నాడు.

చైతన్య అప్పుడు స్కూటర్ తీసి తార్నాక వెళ్లాడు. లలిత మంచం పక్కన కూర్చుని, ఎగసిపడుతున్న భర్త గుండెలను చూస్తూ ఉండిపోయింది.

పొద్దున ల్యాప్‌టాప్ తెరిస్తే ఇసుక గడియారం బొమ్మ కదలకుండా నిలబడింది.

"మళ్లీనా!" చైతన్య తల పట్టుకున్నాడు.

"పోనీలేరా," అన్నాడు గంగాధర్. "మెల్లగానే చేద్దాం. పని ఉందిగా, నేనుంటాలే."

లలిత వంటింట్లోకి వెళ్లి పోపుల పెట్టె మూత తీసింది.

మెంతుల గిన్నెలో ఇప్పుడు రెండు చిప్‌లు ఉన్నాయి.