తెరకు కొట్టిన కాయ

దేవుడి వేషం కట్టిన నటుడికి పట్టిన హారతి దేవుడికి చేరుతుందా? మూడేళ్లుగా కొమురయ్యను ఈ సందేహం వదల్లేదు. అప్పుడు మిర్యాలగూడ డేరా సినిమాలో కృష్ణుడు కనబడగానే జనం లేచి హారతి పట్టారు. బిడ్డ జ్వరం తగ్గితే నీకు కాయ కొడతానని తనూ ఆ నవ్వుముఖానికి మొక్కాడు. తెల్లారేసరికి జ్వరం తగ్గింది. కాయ తీసుకుని వెళితే డేరా ఎత్తేశారు. గుడిలో కొట్టడానికి మనసొప్పలేదు. మొక్కింది ఆ ముఖానికి కదా!

ఇప్పుడు బిడ్డకు మళ్లీ జ్వరం. అదే బొమ్మ సూర్యాపేటకు వచ్చిందని విని పరుగెత్తాడు. అప్పటికే జనం వెళ్లిపోయారు.

“ఆట ఖతమైంది పెద్దయ్యా,” అని ఆపరేటరు నవ్వాడు. “కాయ ఎవరికి? గా యాక్టరు మద్రాసుల ఇడ్లీ తింటుంటడు.”

“తిననీ అయ్యా. నా మొక్కు నాది. జర తెర ముందట కొట్టిపోత.”

“కొట్టుకో. ఇంజను బంద్ చేసిన. సీకట్ల పైలం.”

కొమురయ్య తడుముకుంటూ నడిచాడు. గాలికి తెరగుడ్డ టపటప కొట్టుకుంటోంది. ఉన్నట్టుండి ఆ చప్పుడూ ఆగింది.

తెర మీద ఆ ముఖం వెలుగుతోంది.

వెనక్కి చూశాడు. ఆపరేటరు లాంతరు పెట్టుకుని రీళ్లు పెట్టెలో సర్దుతున్నాడు. బొమ్మలో ఆ కళ్లు ఎప్పుడూ రుక్మిణి వైపే చూసేవి. ఇప్పుడు కొమురయ్యను చూస్తున్నాయి.

“నువ్వేనా సామీ?”

కాయ కొట్టి, రెండు చెక్కలూ తెర కింద పెట్టి, కళ్లు మూసుకుని చేతులు చాచాడు.

పూజారి తిరిగి ఇచ్చినట్టు, తడి తడిగా ఒక చెక్క అతని దోసిట్లో పడింది.