ఫినౌ చాప

మాతో మూటలు మోసిన ముసలి ఫినౌని ఆక్లండ్‌లోనే పూడ్చారు. శవాన్ని సొంత దేశం టోంగాకి పంపడానికి ఏ దొర ముందుకొస్తాడు? అటు వెళ్లే సరుకుతో పాటు అతని సామాను మాత్రం వెళుతోంది. తెల్లారేలోగా కంటైనర్ మూయకపోతే ఓడ అందదు. గోదాములో నేనూ, తోటి కూలీ తెవిటా మిగిలాం.

కంప్యూటర్లో సామాను సర్దే ప్లాను తెరిచాను. దాన్ని మేం చూడగలం, ప్రింటు తీయగలం, మార్చలేం; మార్చేది ఆఫీసువాళ్లే. రంగు పెట్టెల మధ్య మనిషి పట్టేంత ఖాళీ కనిపించింది.

"ఆఫీసు వెధవలకి కొలవడం కూడా రాదురా. అక్కడ పీపాలు పెట్టెయ్," అన్నాను తెవిటాతో.

పెట్టాడు. మళ్లీ ప్రింటు తీస్తే పీపాలు పక్కకి జరిగి ఉన్నాయి. ఖాళీ అలాగే ఉంది. ఆఫీసుకి తాళం వేసే ఉంది.

తెవిటా గొంతు తగ్గించాడు. "అన్నా, ముసలోడు పక్క వెయ్యమంటున్నాడేమో."

"నోర్ముయ్," అన్నాను గానీ, పీపాలు నేనే తీశాను. ఫినౌ సామానులోంచి వాళ్లమ్మ అల్లిన చాప తీసి ఆ ఖాళీలో పరిచాను.

మూడోసారి ప్రింటు తీశాం. కాగితంలో ఖాళీ లేదు.

తలుపు మూయబోతూ లోపలికి చూశాను. చాప నడుమ మెల్లగా కుంగుతోంది. చేతులు కట్టుకుని నిలబడిపోయాం.