మాతే తాగిన పొద్దున

"ఎవరదీ?" అన్నాడు నికనోర్.

"నీ గొంతేనా అన్నా అది? బావిలోంచి వస్తున్నట్టుంది," అంటూ వాల్దెమార్ చంకలో థర్మాస్‌తో వార్డులోకి వచ్చాడు.

నికనోర్ తకువరెంబో ఊరి పశువుల సంతలో అరుగెక్కి కేకలు పెట్టి వేలం వేసేవాడు. కడుపులో పులుపు పైకి ఎగదన్ని గొంతు కాల్చేసింది. కడుపు పైభాగం జరిగి ఛాతీలోకి ఎక్కిందన్నారు డాక్టర్లు. పొట్ట కోయకుండా, చిన్న చిన్న రంధ్రాలు పెట్టి కిందికి లాగి కుట్టేస్తామన్నారు.

వసంతకాలపు సంతకి గొంతు రాకపోతే వేలం అరుగు ఇంకొకడిది.

ఆపరేషన్ ఆ పొద్దునే.

వాల్దెమార్ అతని దగ్గర పని నేర్చుకున్నవాడు. సొరబుర్రలో మాతే ఆకు మీద వేణ్ణీళ్లు పోసి, పీల్చే గొట్టం అతని వైపు తిప్పాడు.

"మంచినీళ్లు కూడా తాగొద్దన్నార్రా."

"ఇది ఒట్టి ఆకు కషాయం. నా చేతి మాతే వద్దంటావా?"

ఇచ్చిన మాతే కాదంటే మొహాన ఉమ్మినట్టే. నికనోర్ ఆ సొరబుర్ర ఖాళీ అయ్యేదాకా పీల్చాడు. తాగించినవాడు థర్మాస్ సర్దుకుని చక్కా పోయాడు.

పక్కనే కుర్చీలో దోన్ ఎలాదియో అంతా చూశాడు. వార్డులో చేరిన నాటి నుంచి నికనోర్‌కి తోడు ఆ ముసలాయనే. పెళ్లాం వదిలేసిపోయిన సంగతి కూడా ఆయనకే చెప్పుకున్నాడు. మనవాడే కదా అని నికనోర్ ఆయన వైపు తిరిగి నవ్వి కన్ను కొట్టాడు.

ముసలాయన నవ్వలేదు. గుమ్మం దాకా వెళ్లి నర్సు మిర్తాని పిలిచాడు.

"ఇతను ఇప్పుడే మాతే తాగాడమ్మా."

ఆపరేషన్ ఆగింది. మళ్లీ ఎప్పుడంటే, సంత అయిపోయాక.

"కడుపులో మాటలన్నీ లాక్కున్నది ఇందుకా? నా ఆపరేషన్ వంతు కొట్టేద్దామనా?" నికనోర్ గొంతు చీల్చుకున్నాడు.

"నేను చెప్పకుండా ఉండలేను తమ్ముడూ."

"పో. చాడీకోరు మొహం. ఇంకోసారి నా కంట పడకు."

ముసలాయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

వసంతకాలపు సంతలో అరుగు ఎక్కింది వాల్దెమార్. నికనోర్ కంచె పట్టుకుని విన్నాడు. ఎక్కడ ఊపిరి బిగబట్టాలో, ఎక్కడ రైతును ఆట పట్టించాలో, అంతా తను నేర్పిన పాటే.

"నాకూ బాధగానే ఉందన్నా. ఏం చేస్తాం, నీకు కుదరలేదు," అన్నాడు వాడు అరుగు దిగి.

ఆ పొద్దున తాగిన మాతే చేదు నికనోర్‌కి అప్పుడు తెలిసింది.

ఎండాకాలంలో ఆపరేషన్ అయింది. మంట పోయింది. ఇంటికి పంపే రోజు మిర్తా పక్క దుప్పటి మారుస్తుంటే అడిగాడు.

"ఆ ముసలాయనకి కూడా అయిందా ఆపరేషన్?"

"ఆయనకేం జబ్బు? ఎవరూ లేనివాళ్ల దగ్గర కూర్చోడానికి వచ్చేవాడు. నువ్వు పొమ్మన్నాక మళ్లీ రాలేదు. పోయిన నెలే మట్టి చేశారు."

నికనోర్ సర్దుకుంటున్న సంచి కింద పెట్టాడు.

"మరి నా మీద ఎందుకు చెప్పాడు?"

మిర్తా దుప్పటి వదిలేసింది.

"వాళ్లావిడకీ ఇదే ఆపరేషన్. మత్తులో ఉండగా కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోయింది. ఆ పొద్దున దాహమంటే మాతే పోసిచ్చింది ఆయనే. ఎవరికీ చెప్పొద్దని ఆవిడ బతిమాలితే, చెప్పలేదు."